మగ్గాల వీధిలో పడవ

ధర్మవరంలో పట్టుచీర ఎక్కడ దొరుకుతుందని అడిగితే పది వీధులు చూపిస్తారు. పడవ ఎక్కడుందని అడిగితే మాత్రం మా వీధి ఒక్కటే చూపిస్తారు. మగ్గాల చప్పుడు వింటూ లోపలికి వస్తే ఎడమచేతి పక్కన, ఒకప్పుడు మేము నేతకు పడుగు దారాలు సాగదీసుకున్న ఖాళీ స్థలంలో, రెండు సిమెంటు దిమ్మెల మీద అది కనబడుతుంది. పాత చేపల పడవ. సముద్రం మాకు ఎంత దూరమో నాకు తెలియదు. చీరలు కొనడానికి పైఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని నవ్వుకుంటూ పోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. చీర కోసం వచ్చినవాళ్ళు చీర కొనుక్కుని పోవచ్చు కదా.

నా పేరు అమర్‌నాథ్. పికప్ బండి నడుపుతాను. పట్టు, జరీ, చీరల మూటలు, పెళ్ళిళ్ళకు కుర్చీలు, ఏది ఎక్కిస్తే అది తీసుకుపోతాను. ఆ పడవను ఈ వీధికి తెచ్చింది నేను, నీళ్ళ దగ్గరికి తీసుకుపోయింది నేను, మళ్ళీ వెనక్కి తెచ్చింది కూడా నేనే. కాబట్టి గంగన్నకు పిచ్చి పట్టిందని ఎవరైనా అంటే ఊరుకోను. పిచ్చి అనే మాట అనాలంటే నేనే అనాలి, అది కూడా ఆయన ముఖం మీదే అంటాను.

గంగన్న అసలు పేరు గంగాధర. గుంతమగ్గం మనిషి. పదిహేనో ఏట ఆ గుంతలో కాళ్ళు పెట్టినవాడు యాభై దాటాక కూడా అందులోనే ఉన్నాడు. సన్నటి మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నేతలో ఎక్కడైనా పేక వదులుగా పడి సన్నటి సందు కనబడిందంటే ఆయనకు అన్నం దిగదు. కొనేవాళ్ళకు కనబడదులే అన్నా వినడు. ఒక పూట నేసింది ఊడదీసి మళ్ళీ నేస్తాడు. "మా గంగన్న చీరలో గాలి కూడా దూరదు" అని వీధిలో అందరం ఆటపట్టించేవాళ్ళం. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకునేవాడు.

ఆయన భార్య మంజులత వదినది తాడిమర్రి అవతల, చిత్రావతి ఒడ్డున ఒక పల్లె. రిజర్వాయరు నిండా నీళ్ళు నిలబెట్టిన ఏడాది ఆ పల్లె మునిగిపోయింది. ఊరివాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. వదినకు తల్లి, తండ్రి అప్పటికే లేరు. ఒక్క ఇల్లే మిగిలింది. నీళ్ళు వీధి చివరికి వచ్చాయని కబురు అందిన రోజు గంగన్న మగ్గం మీద ఎవరిదో పెళ్ళిచీర ఉంది. ముహూర్తం దగ్గరపడింది. "నువ్వు పోయిరా, నేను రేపొస్తా" అన్నాడు. వదిన ఒక్కతే పోయింది. ఆమె చేరేసరికి నీళ్ళు అరుగు ఎక్కుతున్నాయి. నాలుగు సామాన్లు బయట పెట్టుకుని, అలవాటు కొద్దీ ఇంటికి తాళం కూడా వేసి, ట్రాక్టరు ఎక్కింది. ఆ మర్నాటికి పోవడానికి దారి లేదు.

మా వైపు ఆడపిల్ల పుట్టింటి నుంచి బయలుదేరేటప్పుడు గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొక్కి దాటుతుంది. పెళ్ళయి ఎన్నేళ్ళయినా అంతే. మొక్కకుండా దాటితే పుట్టిల్లు అలుగుతుందంటారు. ఆ రోజు తొందరలో వదిన మొక్కలేదు. "తాళమేసినా గానీ గడపకి మొక్కలేదు అమరా. ఎట్ల మర్చిపోయినానో" అని నాతోనే ఎన్నిసార్లు అనిందో. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది.

తర్వాత ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. హిందూపురంలో డయాలసిస్ మొదలుపెట్టారు. ధర్మవరం నుంచి మాటిమాటికీ పోయి రావడం ఆమె వల్ల కాలేదు. కూతురు శ్రుతి పెనుకొండలో ఉంటుంది. అల్లుడికి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, శ్రుతికి మందుల షాపులో పని. అక్కడి నుంచి హిందూపురం దగ్గర కదా అని వదినను పెనుకొండలోనే ఉంచారు. గంగన్న మగ్గం వదిలిపెట్టి పోలేక ఇక్కడే ఉండిపోయాడు. వీలు దొరికినప్పుడు నా బండిలో పోయి చూసి వచ్చేవాడు.

ఒకరోజు హిందూపురం నుంచి వదినను, గంగన్నను ఇద్దరినీ నా బండిలోనే పెనుకొండకు తీసుకొస్తున్నాను. వదిన కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉన్నట్టుండి అనింది.

"ఏమయ్యా, నన్ను ఒకసారి మా ఊరి మిందికి తీసకపోతావా?"

‘ఊరికి’ అనలేదు. ‘ఊరి మీదికి’ అనింది. గంగన్నకు వెంటనే అర్థమైంది.

"నీళ్ళ మింద యాడని మొక్కుతావు?" అన్నాడు.

"మా ఊరి వాటర్ ట్యాంకు కొస ఇంగా పైకి కనబడతాండాదంట. మా ఇల్లు దాని ఎనకాలే గదా. ఆడ నిలబడి ఇంత పసుపు, ఇంత కుంకుమ నీళ్ళలో ఇడిస్తే గడప మిందికే దిగుతాది. ఇంగేమీ అడగనులే నిన్ను."

 బండి పెనుకొండ చేరేదాకా గంగన్న తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె ఒక్కతే పోయిన రోజు ఆయన మనసులో ఎప్పటికీ మానని పుండు. దాన్ని కడుక్కోవడానికి ఇంతకంటే మంచి దారి దొరకదనుకున్నాడు.

దసరా వెళ్ళిన తర్వాత నన్ను తీసుకుని రిజర్వాయరు దగ్గరికి పోయాడు. అక్కడ ఓబుళప్ప అని ఒక బెస్తాయన ఉన్నాడు. గుండ్రటి బుట్టలాంటి పుట్టి వేసుకుని చేపలు పట్టి తాడిమర్రిలో, ధర్మవరంలో అమ్ముకుంటాడు. సంగతి విని ఓబుళప్ప చాలా తేలిగ్గా తీసుకున్నాడు.

"దానికేమన్నా, నా పుట్టిలో తీసకపోతా. ఒక గంట పని" అన్నాడు.

"ఆమె కాళ్ళు ముడవలేదప్పా. పుట్టిలో ఎట్ల కూచుంటాది?"

"ప్లాస్టిక్ కుర్చీ ఏస్తాలే. గాలి లేని పూట చూసి మెల్లగా పోదాము."

గంగన్న తల అడ్డంగా ఊపాడు. "ముప్పై ఏండ్ల సంసారంలో నేను ఆమెను యాడికీ తీసకపోలేదు. పుట్టింటికి పోయేది పసుపుకుంకుమలతో. చేపల బుట్ట మాదిరి పుట్టిలో ఏసుకొని పోతామా? పడవ కావాల. నాది కావాల."

నాకు నవ్వు వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను. అప్పుడే "ఆ పుట్టి చాలదా గంగన్నా" అని అడిగాను కూడా. "నీకు తెలీదులే" అన్నాడు.

రిజర్వాయరు కొత్తగా నిండినప్పుడు కోస్తా వైపు నుంచి చేపలోళ్ళు కొందరు వచ్చారు. కొన్నాళ్ళుండి తిరిగిపోతూ పాత పడవలు రెండు ఓబుళప్పకు వదిలేశారు. ఒకటి ఒడ్డున సగం నీళ్ళలో మునిగి ఉంది. నల్లగా, నాచు పట్టి, లోపల చిన్నచిన్న చేపలు తిరుగుతున్నాయి. రెండోది పైన గట్టు మీద, బోర్లా వేసి ఉంది. ఏళ్ళ తరబడి ఎండలో ఉండి తెల్లగా, శుభ్రంగా, నీలం రంగు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది. గంగన్న రెండింటినీ వేళ్ళ కణుపులతో తట్టి చూశాడు. నీళ్ళలోది మొద్దుగా మోగింది. గట్టు మీదిది ఖంగుమంది.

"ఇది" అన్నాడు, గట్టు మీదిదాన్ని చూపిస్తూ.

"అన్నా, చూడ్డానికి అట్లుండాది గానీ నీళ్ళలో ఉండేదే మేలు. నానిన పడవ బతికినట్ల" అన్నాడు ఓబుళప్ప.

గంగన్న నన్ను పక్కకు పిలిచి, "కుళ్ళిపోయింది అంటగట్టాలని చూస్తాండాడు" అన్నాడు. నేను కూడా అట్లే అనుకున్నాను. మా వీధి జీవితమంతా మగ్గం చెక్కతో గడిచింది. మగ్గానికి ఎండిన చెక్క బంగారం. పచ్చి చెక్క వంకరపోతుంది, తడి తగిలితే పట్టు చెడుతుంది, వాన వస్తే ముందు మేము చేసే పని కిటికీలు మూయడం. వానే సరిగా పడని సీమలో పుట్టినవాళ్ళం. నీళ్ళు తాగి బతికే చెక్క ఒకటి ఉంటుందని మాకు ఎవరు చెప్తారు? చెప్పినా ఎట్లా నమ్ముతాం? ఎండిన పడవనే నా బండి ఎక్కించాం. వెనక సగం బయటికి వేలాడుతుంటే కొసకు ఎర్రగుడ్డ కట్టాను. ఓబుళప్ప పోయేటప్పుడు, "తడి గోనెసంచులు కప్పుతా ఉండు అన్నా" అని అరిచాడు. గంగన్న వినబడనట్టు కూర్చున్నాడు.

ఇక మా వీధి సంబరం చెప్పనలవి కాదు. చిన్నా పెద్దా అందరూ వచ్చి చూశారు. మాటలు పడ్డాయి. "గంగన్నా, చీరలు సముద్రం మీద పంపిస్తావా?" అని ఒకరు. "రేపు వీధిలో కొళాయి తిప్పితే పడవలో వచ్చి పట్టుకుంటాడు" అని ఇంకొకరు. ఆయన పని ఆయనది. పొద్దున మగ్గం, మధ్యాహ్నం నుంచి పడవ.

నిజం చెప్పొద్దూ, పని చూస్తే ముచ్చటేసేది. మగ్గాలు తప్ప ఇంకేమీ బాగుచేసి ఎరగని మనిషి. ఇదే మొదటిది. ఉలితో పాత రంగంతా గీకేశాడు. తుప్పు పట్టిన మేకులు పీకి కొత్తవి కొట్టాడు. ఆమె కూర్చోవడానికి నడుమ అడ్డపలక వేశాడు, వెనక ఆనుకోవడానికి ఇంకో చెక్క పెట్టాడు, దాన్ని చేత్తో రుద్ది రుద్ది నున్నగా చేశాడు. వాచిన కాళ్ళు చాపుకోవడానికి ముందర చోటు వదిలాడు. నన్ను ఆ పలక మీద కూర్చోమని, వీపు ఎక్కడ ఒత్తుకుంటుందో అడిగి మళ్ళీ చెక్కాడు.

ఎండిన పడవ కాబట్టి చెక్కకూ చెక్కకూ నడుమ సందులు పడ్డాయి. కొన్నింట్లో నా చిటికెన వేలు పట్టేది. ఆ సందులు చూస్తే గంగన్నకు ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. మగ్గం మీద చీర దిగిన తర్వాత పడుగు కొసలు మిగులుతాయి. పట్టు కొసలు. మేము వాటిని మూటగట్టి పెట్టుకుంటాం. ఆయన తన దగ్గర ఏళ్ళుగా ఉన్న ఆ మూటలన్నీ విప్పాడు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, వంకాయరంగు, ఎవరెవరి పెళ్ళిచీరల కొసలో. వాటిని పేనాడు. ఉలి పెట్టి సుత్తితో కొట్టి కొట్టి సందుల్లోకి కూరాడు. దారం ఇంక పట్టదు అన్నాక కూడా ఇంకో నాలుగు దెబ్బలు వేసేవాడు. పైన గుగ్గిలం, నూనె కాచి పూశాడు. చివరికి పడవంతా చూస్తే రంగురంగుల గీతలతో అంచు తీర్చిన చీరలా ఉండేది.

"చూడు అమరా, గాలి దూరుతాదేమో" అన్నాడు. చేయి పెట్టి చూశాను. దూరలేదు.

ఆ మధ్య తుపాను పట్టి రెండు రోజులు ముసురు కురిసింది. మొదటి చినుకు పడగానే గంగన్న మగ్గం గుంతలోంచి లేచి పరుగెత్తాడు. ఎక్కడిదో టార్పాలిన్ తెచ్చి పడవ తడవకుండా కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. పడవ తడుస్తుందని గొడుగు పట్టిన మనిషిని చూసి వీధి వీధంతా పడిపడి నవ్వింది. నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను. ఇప్పుడు ఆ టార్పాలిన్ గుర్తొస్తే నవ్వు రాదు.

ఈ పనిలో పడి ఆయన పెనుకొండకు పోవడం తగ్గించాడు. నేను చీరల మూటలు వేసుకుని ఆ దారిన పోయినప్పుడు వదినను చూసి వచ్చేవాణ్ని. మనిషి రోజురోజుకూ తగ్గిపోతోంది. ముఖం నల్లబడింది. మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలి. ఒక చిన్న గ్లాసు పక్కన పెట్టుకుని, పెదాలు తడుపుకుని పెట్టేసేది. నేను పడవ సంగతులు చెప్తే ఆసక్తిగా వినేది. ఆనుకునే చెక్క గురించి రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. అంతా విని ఒకరోజు, "పడవ బాగుండాది గానీ అమరా, ఆ మనిషిని తీసకరా. నాలుగు దినాలు నా పక్కన కూచోమను" అనింది.

ఆ మాట గంగన్నకు చెప్పాను. "ఇంగ అయిపోవచ్చింది. ఒకేసారి పడవతో పోతా" అన్నాడు. నాకు కోపం వచ్చి నాలుగు మాటలు అన్నాను. ఆయన గుగ్గిలం కలుపుతూ ఉండిపోయాడు.

శివరాత్రి వెళ్ళాక పడవను నీళ్ళలో దించాం. ముందురోజు సాయంత్రం నా బండిలో తీసుకుపోయి, నేను, గంగన్న, ఓబుళప్ప కలిసి తోశాం. చుక్క నీరు లోపలికి రాలేదు. ఓబుళప్ప చుట్టూ తిరిగి చూసి, ఆ రంగురంగుల గీతల మీద వేలు పెట్టి నొక్కి, "బిగువుగా కొట్టినావన్నా" అన్నాడు. ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. గంగన్న ముఖం అంత వెలగడం నేను ఆయన కూతురి పెళ్ళిలో కూడా చూడలేదు. పడవను విడిచి రానని ఒడ్డునే పడుకున్నాడు.

పొద్దున్నే నేను పెనుకొండకు పోయి వదినను ఎక్కించుకున్నాను. శ్రుతికి డ్యూటీ ఉండి రాలేకపోయింది. పట్టుచీర కట్టుకోమని గంగన్న ఫోన్ చేశాడంట. "నీళ్ళలో పట్టెందుకు, చెడిపోతాది" అని ఆమె నూలుచీరే కట్టుకుంది. చేతిలో ఒక చిన్న స్టీలు డబ్బా. అందులో పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం, నాలుగు కనకాంబరాలు. దారి పొడుగునా డబ్బా మూత గట్టిగా పట్టుకునే కూర్చుంది. తాడిమర్రి దాటి నీళ్ళు కనబడగానే ముందుకు వంగింది. దూరంగా నీళ్ళ నడుమ ట్యాంకు కొస కనబడుతోంది, తెల్లగా.

"అదే, అదే" అనింది. 

ఓబుళప్ప, గంగన్న చెరో పక్క పట్టుకుని ఆమెను పడవలో కూర్చోబెట్టారు. ఆమె వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపి, పలక మీద చేత్తో నిమిరింది. "బాగా చేసినావయ్యా" అనింది. గంగన్న తెడ్డు అందుకున్నాడు. ఓబుళప్ప వెనక నిలబడ్డాడు. నేను ఒడ్డున ఉన్నాను. పడవ నాలుగు బారలు పోయింది. నడుము లోతు నీళ్ళు ఉంటాయేమో అక్కడ.

టప్‌మని చప్పుడైంది. ఎండుకట్టె విరిచినట్టు. వెంటనే ఇంకొకటి. పక్క చెక్క ఒకటి మేకులతో సహా లోపలి చట్టం నుంచి ఊడి బయటికి వచ్చేసింది. పట్టుదారాలు నీళ్ళలో తేలాయి. నీళ్ళు లోపలికి ఉరికాయి. ఓబుళప్ప దూకి వదినను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నేను పరుగెత్తిపోయి ఆయనకు సాయంపట్టాను. ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టి వెనక్కి చూస్తే గంగన్న ఇంకా పడవలోనే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీది టవల్ తీసి ఆ సందులో కూరుతున్నాడు. పెళ్ళాన్ని ఎవరు ఎత్తుకుపోయారో కూడా చూడలేదు. పడవ మునిగి ఆయన రొమ్ము దాకా నీళ్ళు వచ్చేదాకా ఆ టవల్ కూరుతూనే ఉన్నాడు.

ఎట్లా జరిగిందో ఓబుళప్ప తర్వాత చెప్పాడు. ఎండిన చెక్క రాత్రంతా నీళ్ళు తాగింది. తాగి ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేదు. ఒకదాన్నొకటి తోసుకుని తోసుకుని మేకులు వదిలేశాయి. "సందు ఉండింటే అదే ఉబ్బి మూసుకొనుండు అన్నా. నువ్వు సందే ఇడవకపోతివి" అన్నాడు. తిట్టినట్టు కాదు, బాధపడుతూనే అన్నాడు. గంగన్న తడిబట్టలతో నేల మీద కూర్చుని, ఎవరి ముఖమూ చూడలేదు.  

వదిన చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. డబ్బా మాత్రం వదల్లేదు. "మా ఊరి నీళ్ళు కాళ్ళకి తగిలినాయిలే" అని నవ్వబోయింది.

ఓబుళప్ప నీళ్ళు పిండుకుంటూ లేచాడు. "అమ్మా, వచ్చినదానివి వచ్చినావు. పుట్టి ఈడే ఉండాది. గాలి కూడా లేదు. కుర్చీ ఏస్తా, పోయొచ్చేద్దాం రా" అన్నాడు.

ఆమె ట్యాంకు వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత నేల మీద తల వంచుకుని కూర్చున్న మొగుడి వైపు చూసింది.

"వద్దులే ఓబుళప్పా. నేను ఈయన పడవలోనే పోతా. మల్లా బాగుచేస్తాడులే. ఇంగో నెలకి వస్తాము" అనింది.

గంగన్న అప్పుడు తలెత్తాడు.

పడవను బయటికి లాగడానికి ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను వదినను తీసుకుని బయలుదేరాను. ధర్మవరం దాటాం. తర్వాత, ఎదురుగా రోడ్డునే చూస్తూ అనింది.

"అమరా, ఆ పుట్టిలో పోవాలని నా పానం ఎంత కొట్టుకున్యాదో నీకు తెలీదు."

నేను బండి పక్కకు తీసి ఆపేశాను. "మరి పోయిండొచ్చు గదా వదినా! ఇప్పుడు తిప్పనా బండి? తిప్పేస్తా."

"వద్దు. ఆయన మొగం చూసినావా నువ్వు? నేను ఆ పుట్టిలో ఎక్కి పోయింటే ఆయప్ప మల్లా తలెత్తేవాడు కాదు. పడవా పాయె, పెండ్లామూ పుట్టిలో పాయె అని కుమిలి సచ్చేవాడు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను మొక్కకపోతే మా ఇల్లు కోప్పడతాదేమో. కోప్పడనీలే. మా అమ్మకి తెలుస్తాది. నువ్వు మాత్రం ఈ మాట ఆయనతో అనొద్దు. నా మింద ఒట్టు."

నేను ఒట్టు వేశాను. ఎందుకు వేశానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు గానీ, ఆమె అట్లా అడిగితే ఎవరైనా వేస్తారు.

గంగన్న పడవను మళ్ళీ వీధికి తెప్పించాడు. ఈసారి ఓబుళప్పను కూర్చోబెట్టుకుని అన్నీ అడిగాడు. పట్టుకొసలన్నీ పీకేశాడు. ఊడిన చెక్క మార్చాడు. సందులు వదిలి, మెత్తగా నూలు పెట్టాడు. గోనెసంచులు తడిపి పడవ మీద కప్పి, ఆరకుండా నీళ్ళు చల్లుతూ కూర్చున్నాడు. చెక్క మెల్లమెల్లగా ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటుంటే నన్ను పిలిచి చూపించాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చే సోమవారం దించుదామని ఫోన్‌లో వదినకు చెప్పాడు. ఆమె సరే అనిందంట. పసుపు డబ్బా తలగడ పక్కనే పెట్టుకున్నానని కూడా చెప్పిందంట.

సోమవారం రాకముందే శ్రుతి నాకు ఫోన్ చేసింది. "చిన్నాయనా, అమ్మ పోయింది. నాయనకి నువ్వే చెప్పు, నేను చెప్పలేను" అని ఏడ్చింది. నేను పోయేసరికి గంగన్న బకెట్ పక్కన పెట్టుకుని గోనెసంచి తడుపుతున్నాడు. నా ముఖం చూడగానే తెలిసిపోయింది.  బండి ఎక్కమన్నాను.

"ఈ సంచి ఒకటి కప్పేసి వస్తా. ఎండలో ఆరిపోతాది" అన్నాడు.

"ఎవరి కోసం గంగన్నా ఇంగ!" అని అరిచాను. వీధంతా వినబడేలా అరిచాను. ఆయన సంచి కప్పి, నాలుగు మూలలా సరిచేసి, వచ్చి బండిలో కూర్చున్నాడు. పెనుకొండ దాకా తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అన్నీ అయిపోయాక నేనే ఒకసారి కదిపాను. ఓబుళప్ప పుట్టిలోనో, గంగన్న మొదట వద్దన్న ఆ నల్ల పడవలోనో పోయి వదిన డబ్బాలో ఉన్న పసుపుకుంకుమలు వదిలేసి వద్దామన్నాను. ఆ నల్ల పడవ ఈరోజుకీ నీళ్ళలో తిరుగుతోంది. గంగన్న ఒప్పుకోలేదు. పోనీ మన పడవలోనే పోదామంటే, "ఆమె లేకుండా ఆ గడప దగ్గరికి నేను ఏ మొగం పెట్టుకొని పోయేది?" అన్నాడు. డబ్బాను తెచ్చి పడవలో, ఆమె కూర్చోవాల్సిన పలక మీద పెట్టాడు.

ఇప్పుడు ప్రతిరోజూ పొద్దున ఆయన పడవలో నీళ్ళు పోస్తాడు. వేసవిలో మాకు కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. బిందెల కోసం వీధిలో గొడవలు పడతాం. అయినా ఆయన బిందె తెస్తే ఆడవాళ్ళు పక్కకు జరుగుతారు. ఎవరూ ఏమీ అనరు. పడవ ఆటలు కూడా ఆగిపోయాయి. ఫోటోలు తీసుకునే పైఊరివాళ్ళు తప్ప ఎవరూ నవ్వరు.

మొన్న పొద్దున నేను బండి తీస్తుంటే పిలిచాడు. పడవ పక్క మీద చేయి వేసి చూపించాడు.

"చూడు, ఒక్క సందు లేదు. ఎండిపోతే మల్లా మొదటికొస్తాది. అందుకే ఆరనీయను." చేతిలోని బిందె కింద పెట్టాడు. "ఆరోజు నువ్వూ ఉంటివి గదా అమరా. ఓబుళప్ప పుట్టిలో రమ్మంటే మీ వదిన ఏమనింది? ‘ఈయన పడవలోనే పోతా’ అనింది. నా పడవంటే అంత ఇష్టం ఆమెకి. పుట్టిలో పోవాలని ఆమెకి ఏమాత్రం లేదు. కదా?"

నా వైపే చూస్తున్నాడు. నేను అవునని అనేదాకా ఆ చూపు తిప్పుకోడని తెలుసు.

"అవును గంగన్నా. నీ పడవంటేనే ఇష్టం వదినకి" అన్నాను.

ఆయన తల ఊపి మళ్ళీ నీళ్ళ కోసం వంగాడు. నడుము పట్టేసినట్టుంది, లేవలేకపోయాడు. బిందె నేను అందుకుని, కొళాయి దగ్గర నింపుకొచ్చి, పడవలో పోశాను.